నాకు 'వలెను', అతనికి 'వచ్చును'

రెండో శనివారం, ఉదయం తొమ్మిదిన్నర. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సులు నిలిచే చోట నేనూ మా పాపా కూచుని వున్నాం. పాప ఒళ్ళో సంచీ. అందులో రెండు జతల బట్టలు, లెక్కల నోటుబుక్కు, దగ్గు మందు, ఆ మందు ఏ పూట ఎంత పోయాలో నేను రాసి మడిచిపెట్టిన కాగితం. పదింటికి వాళ్ళ నాన్న చిత్తూరు నుంచి వచ్చి తీసుకుపోవాలి. పది దాటింది. పదకొండు దాటింది. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా ఫోనుకు రెండు ముక్కల సందేశం వచ్చింది, ఈ వారం కుదరదని. పోదాం పద అన్నాను. ఆటోలో పాప ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరాక మాత్రం, "అమ్మా, సంచీ విప్పొద్దులే. మళ్ళా సర్దే పని వుండదు" అంది.

ఆ రాత్రి పాప పడుకున్నాక బీరువాలోంచి కోర్టు ఉత్తర్వు తీసి మళ్ళీ చదివాను. నేను చదువుకున్నది సాహిత్యం. నాకు చట్టం రాదు, కాపురం కోర్టుకెక్కిన ప్రతి ఆడదానికీ వచ్చేటంత తప్ప. కానీ ఒక వాక్యం ఎవరి నోట్లోంచి వస్తోంది, ఎవరి మీద పడుతోంది అని చూడటం నాకు డాక్టరేటు నేర్పిన పని. ఏ ఊరి కోర్టు, ఏ జడ్జిగారు అన్నది ఇక్కడ అనవసరం. ఇట్లాంటి ఉత్తర్వులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వుంటాయి. ఇంగ్లీషులో వున్న ఆ పత్రాన్ని నేను నా నోటుబుక్కులో తెలుగు చేసుకున్నాను. తల్లి బిడ్డను ఫలానా చోట ఫలానా వేళకు హాజరుపరచవలెను. తండ్రి బిడ్డను తనతో తీసుకొనిపోవచ్చును. సంక్రాంతి, దసరా, ఎండాకాలం సెలవులు చెరిసగం, అక్కడా అంతే. తల్లి పంపవలెను, తండ్రి వుంచుకొనవచ్చును. మొత్తం ఏడు పేజీల్లో తండ్రి పక్కన 'వలెను' ఒక్కసారి కనబడింది, ఆదివారం సాయంత్రం ఐదింటికి తిరిగి అప్పగించవలెను అన్నచోట.

హైస్కూల్లో మనందరం విధ్యర్థక వాక్యం, అనుమత్యర్థక వాక్యం అని బట్టీపట్టి ఒక్కో మార్కు తెచ్చుకున్నాం. ఒకటి ఆజ్ఞ, ఒకటి అనుమతి. ఆ మార్కు విలువ నాకు ముప్పై ఆరేళ్ళకు తెలిసొచ్చింది. నేను పాపను ఒక్క శనివారం పంపకపోతే అది కోర్టు ధిక్కారం. అతని లాయరు పిటిషన్ వేస్తాడు, తల్లి బిడ్డకు తండ్రిని దూరం చేస్తోందంటాడు, ఇప్పుడున్న కస్టడీ కూడా మార్చమంటాడు. అతను రాకపోతే? ఏమీ లేదు. అనుమతిని వాడుకోలేదు, అంతే కదా. గుడికి పోవచ్చు అన్నారని ఎవరూ పోక తప్పదనరు. కిందటేడు ఇరవైనాలుగు శనివారాలు అతని వంతు. పదమూడు సార్లు వచ్చాడు. మిగతా పదకొండు సార్లూ మేము బస్టాండులో బెంచీ మీద కూచున్నాం.

దీనికే ఇప్పుడు 'షేర్డ్ పేరెంటింగ్' అని పేరు. ఉమ్మడి పెంపకం. వినటానికి ఎంత బాగుందో చూడండి! మనం యాభై ఏళ్ళుగా అడుగుతున్నది ఇదే కదా, బిడ్డల పెంపకం మగవాళ్ళు కూడా పంచుకోవాలని. పంచుకోమని అడిగితే కాపురం వున్నన్నాళ్ళూ వినపడని మాట, విడాకుల నోటీసు అందగానే హక్కుగా వినపడుతుంది. నేను ఈ వ్యాసంలో అనదల్చుకున్నది ఒక్కటే. మన కోర్టులు పంచుతున్నది పెంపకాన్ని కాదు, బిడ్డ మీద హక్కుని. హక్కు చెరిసగం, చాకిరీ మాత్రం ఎవరిది వారిదే, అంటే మనదే.

మా పాపకు ఐదేళ్ళు నిండిన పదకొండో రోజున నాకు నోటీసు వచ్చింది. ఇది కాకతాళీయం కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఆరో సెక్షను వుంది. హిందూ మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అయితే ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర వుండాలి అని ఒక మినహాయింపు. మలమూత్రాలు ఎత్తిపోసే వయసు, రాత్రుళ్ళు జ్వరంతో భుజాన వేసుకుని తిప్పే వయసు, అన్నం తినిపించటానికి గంట పట్టే వయసు తల్లికి. తన తిండి తను తిని, తన జడ తను ముందుకు వేసుకుని, ఇంగ్లీషు పద్యం అప్పజెప్పి నలుగురిలో తండ్రికి పేరు తెచ్చే వయసుకు రాగానే తండ్రికి. చెనక్కాయ చేను దున్ని, విత్తి, కలుపు తీసింది ఒకరు, కాయ ఒలిచేటప్పటికి కయ్యలోకి దిగేది ఇంకొకరు. మా నాయనకు సేద్యం తెలుసు, చట్టం తెలియదు. ఆ సెక్షను నేను చదివి చెప్పగానే ఆయన అన్న మాట ఇది.

విచారణలో అతని లాయరు నన్నడిగాడు: "మీరు పీహెచ్‌డీ పని మీద ఊళ్ళు తిరిగేవారు కదా, ఆ రోజుల్లో బిడ్డను ఎవరు చూసుకునేవారు?" మా అమ్మ, అన్నాను. నా జవాబు ఉత్తర్వులోకి ఎక్కింది, తల్లి వృత్తిరీత్యా బిడ్డను ఇతరుల సంరక్షణలో వదిలేదని. ఐదేళ్ళపాటు ఉదయం తొమ్మిదికి ఆఫీసుకు పోయి రాత్రి ఎనిమిదికి వచ్చిన మనిషిని, ఆ పదకొండు గంటలు బిడ్డను ఎవరు చూశారయ్యా అని ఎవరూ అడగలేదు. పిల్లల డాక్టరు పేరేంటి, ఏ మందు పడదు, క్లాసు టీచరు ఎవరు, ఆఖరి టీకా ఎప్పుడు వేయించారు, ఈ నాలుగు ప్రశ్నలు బోనులో ఏ తండ్రినైనా అడిగి చూడమనండి. పాప టీకాల కార్డు ఒక్కసారైనా విప్పి చూశానని అతను కాణిపాకంలో ప్రమాణం చేయగలిగితే నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

నా ఇంటి గోడు పక్కన పెడదాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం రోజు ఎలా గడుస్తోందని లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే కొద్దిమంది మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. 2024లో మళ్ళీ తీసిన లెక్కలో, పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం ఇంట్లో పిల్లల్నో పెద్దల్నో చూసుకునే పనిలో వున్నారు, మగవాళ్ళలో 21.4 శాతం. వాళ్ళు పెట్టే సమయం ఆడవాళ్ళది 140 నిమిషాలు, మగవాళ్ళది 74. ఇదీ కాపురాల్లో పంపకం. ఈ పంపకం మీద కోర్టు సమానత్వం అనే తెల్ల దుప్పటి కప్పితే కింద మెరకపల్లాలు చదునైపోతాయా?

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా అంటే, బాగా తెలుసు. 2020 జనవరి 9న అమ్మ ఒడి పథకం మొదలుపెట్టింది మా చిత్తూరులోనే. బిడ్డను బడికి పంపితే పదిహేను వేలు. డబ్బు తల్లి ఖాతాలో పడింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, 2025 జూన్‌లో 'తల్లికి వందనం' కింద పదమూడు వేలు చొప్పున మళ్ళీ తల్లుల ఖాతాల్లోనే పడ్డాయి. ఒకరి పేరు చెబితే ఒకరికి గిట్టని రెండు పార్టీలు కూడా ఒక్క విషయంలో ఏకీభవించాయి, బిడ్డను బడికి తయారుచేసి పంపేది తల్లేనని. పథకాల్లో తెలిసిన నిజం చట్టంలో ఎందుకు తెలియదు? అమ్మకు వందనం, నాన్నకు సంరక్షకత్వం.

ఈ సంరక్షకత్వం మాట మీద ఒక రచయిత్రి కోర్టుకు పోయింది. గీతా హరిహరన్. కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం తెమ్మన్నారు. కలిసి కాపురం చేస్తున్న దంపతులే వాళ్ళు, బిడ్డ తరఫున ఆమె సంతకం పెట్టాలని ఇద్దరూ అనుకున్నదే. అయినా చెల్లలేదు. 1999లో సుప్రీంకోర్టు, చట్టంలో 'తండ్రి తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని అర్థం చెప్పింది. అందరం సంతోషించాం. కానీ చూడండి, అర్థం మారిందే గానీ వాక్యం మారలేదు. తండ్రి వుండి, పట్టించుకుంటున్నానని అన్నంతకాలం తల్లి రెండోదే. ఇట్లా వ్యాఖ్యానంతో మూలాన్ని కాపాడే విద్య మన సాహిత్యంలో కూడా వుంది. లా కమిషన్ 1989లో 133వ నివేదికలో ఈ వివక్ష తీసెయ్యమంది. 2015 మేలో జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన ఇచ్చిన 257వ నివేదికలో మళ్ళీ చెప్పింది, ఇద్దరికీ సమాన సంరక్షకత్వం ఇవ్వమని. ఆరో సెక్షను ఈరోజుకూ 1956లో రాసినట్టే వుంది.

ఆ 257వ నివేదికే ఉమ్మడి కస్టడీ గురించి వివరంగా మాట్లాడింది. తండ్రుల సంఘాల వాళ్ళు దాన్ని ఊరికే జెండాలా ఎగరేస్తుంటారు గానీ, అందులో కమిషన్ జాగ్రత్తగా అన్నది వేరు. బిడ్డ మేలుకు పనికొస్తుందనుకుంటే జడ్జి ఎంచుకోగల దారుల్లో అదొకటి కావాలంది. ముందే అదే సరైనదని అనుకుని మొదలుపెట్టమనలేదు. ఆ తేడా ఎందుకో మనకు తెలియాలంటే ఆస్ట్రేలియా వైపు చూడాలి. అక్కడ 2006లో చట్టం మార్చి, తల్లిదండ్రులకు సమాన బాధ్యత వుండటమే బిడ్డకు మేలన్న ఊహతో కోర్టులు మొదలుపెట్టాలన్నారు. దాన్ని జనం సగం రోజుల హక్కుగా అర్థం చేసుకున్నారు, హింస భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్ళు అది తమకు చెల్లదని తెలియక రాజీ పడ్డారు. పద్దెనిమిదేళ్ళు అనుభవించి, 2023లో ఇంకో చట్టం చేసి, 2024 మే నుంచి ఆ ఊహను తీసేశారు. వాళ్ళు పడి లేచిన గుంత పక్కనే మనం ఇప్పుడు రంగవల్లి వేస్తున్నాం.

మన దగ్గర ఈ దారిలో ముందు నడిచింది పక్కనున్న కర్ణాటక. 2013 సెప్టెంబరులో అక్కడి హైకోర్టు పన్నెండేళ్ళ పిల్లవాడిని ఏడాదిలో సగం సగం పంచింది. జనవరి ఒకటి నుంచి జూన్ ముప్పై దాకా తండ్రి దగ్గర, జులై ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా తల్లి దగ్గర. చదువు ఖర్చు చెరిసగం. లెక్క తప్పులేకుండా వుంది. బడి మొదలయ్యేది జూన్‌లో. కొత్త పుస్తకాలకు అట్టలు వేసి నెల తిరక్కముందే ఇల్లు మారాలి. క్యాలెండరు ముందు పెట్టుకుని గీత గీసినప్పుడు బిడ్డ చదివే తరగతి కనపడదు కాబోలు. ఆ పిల్లవాడు నిజంగా ఇద్దరినీ కోరుకుని వుండొచ్చు, దాన్ని కాదనటానికి నేనెవరిని? నేను అడిగేది, అట్లాంటి ఉత్తర్వులో జ్వరం వచ్చిన రాత్రి ఎవరు మేలుకోవాలో కూడా రాసి వుంటుందా అని.

ఇప్పుడు అతని దగ్గర పాప గడిపే ఆ పదమూడు శని ఆదివారాల సంగతి. పాపకు తల స్నానం చేయించేది, జడ వేసేది, సంగటి కలిపి పెట్టేది, పక్క తడిపితే దుప్పటి ఉతికేది వాళ్ళ అవ్వ. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పడిపోయాయి. విడిపోయినా ఆమే నాకు ఫోను చేస్తుంది. నేనిప్పటికీ అత్తా అనే పిలుస్తాను. మొన్న అంది: "నేనుండబట్టి సరిపోయింది గానీ, వాడికి బిడ్డ తల దువ్వేది తెలుసునా అమ్మా? నీ కూతురు వచ్చేదంటే నాకు పండగే. పని మాత్రం నాదే. శనివారం వస్తాదంటే శుక్రవారం రాత్రే మోకాళ్ళకు మందు రాసుకోని పడుకుంటాను." తండ్రికి కోర్టు ఇచ్చిన సమాన పెంపకం అక్కడ ఒక ముసలామె మోకాళ్ళ మీద నడుస్తోంది. ఒక ఆడదాని నుంచి ఇంకో ఆడదానికి చాకిరీ బదిలీ అయింది. రికార్డులో మాత్రం అది తండ్రి ప్రేమ.

విత్తనం గొప్పదా, పొలం గొప్పదా అన్న ప్రశ్న మనకు పాతదే. లీలా దూబే 1986లో రాసిన వ్యాసంలో, మగవాడిని విత్తనంగా, ఆడదాన్ని పొలంగా చూసే మన ఊహే బిడ్డ ఎవరి సొత్తో ఎలా తేలుస్తుందో విప్పి చూపింది. శకుంతల కథను నేను విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు ఒకచోట ఎప్పుడూ ఆగుతాను. సభలో శకుంతల అంత వాదించి, అంత ఘాటుగా నిలదీసి, చివరికి గెలిచేది ఆకాశవాణి వల్ల. సంస్కృత భారతంలో ఆ ఆకాశవాణి చెప్పేదేమిటి? తల్లి ఒక తోలుసంచీ వంటిది, కొడుకు తండ్రివాడే అని. అంటే ఆమె గెలిచిన తీర్పులోనే ఆమె సంచీ అయింది. ఏళ్ళ తరబడి కణ్వాశ్రమంలో సింహాల మధ్య ఆ పిల్లవాడిని సాకిన లెక్క ఏ దేవతా చదవలేదు. మా క్లాసులో ఒక అబ్బాయి, "మేడమ్, మరి భరణం అడిగిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నిజంగానే మంచి ప్రశ్న.

మనోవర్తి మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మా లాయరమ్మ చెప్పేదాన్ని బట్టి, ఉమ్మడి కస్టడీ పిటిషన్లు చాలావరకు మనోవర్తి పిటిషన్ వెనకనే వస్తాయి. సగం రోజులు నా దగ్గరే వుంటే సగం డబ్బు ఎందుకివ్వాలి అన్నది వాదన. రోజులు కాగితం మీదే వుంటాయి, తగ్గిన డబ్బు మాత్రం నిజంగా తగ్గుతుంది. ఇంకో సంగతి, కట్టు. నాకు రెండేళ్ళ కిందట హైదరాబాదులో ఒక పరిశోధన ఉద్యోగం వచ్చింది, మూడేళ్ళకు. బిడ్డను కోర్టు పరిధి దాటించాలంటే అనుమతి కావాలి. అనుమతికి పిటిషన్, పిటిషన్‌కు కౌంటరు, కౌంటరుకు వాయిదా. ఈలోపల ఆ ఉద్యోగంలో వేరొకరు చేరిపోయారు. ఆ ఏడే అతనికి బెంగళూరు బదిలీ అయింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, వెళ్ళాడు, ఏడాది వుండి వచ్చాడు. ఆ ఏడాది శనివారాలన్నీ గాలికి పోయాయి. ఉమ్మడి పెంపకం అన్న తాడుకు రెండు కొసలున్నాయి. ఒక కొస నా కాలికి ముడివేసి వుంది, ఇంకో కొస అతని చేతిలో వుంది.

2022 ఏప్రిల్‌లో మా చిత్తూరు జిల్లాను చీల్చి తిరుపతి జిల్లా చేశారు. అప్పటినుంచి మా పాప రెండు జిల్లాల మనిషి. ఊళ్ళ పంపకంలో కనీసం అభ్యంతరాలు చెప్పుకోటానికి జనానికి గడువు ఇచ్చారు.

నేను చదువుకున్నదాన్ని, లాయరును పెట్టుకోగలిగినదాన్ని. పాకాల దగ్గర ఒక పల్లెలో పాలు పోసుకుని బతికే ఒకామె నాకు తెలుసు. ఆమె విషయం కోర్టుదాకా పోలేదు, రచ్చబండ దగ్గర పెద్దమనుషులే తేల్చారు. మగబిడ్డ వాళ్ళకు, ఆడబిడ్డ ఈమెకు. "నా కొడుకును పెరుక్కున్నారు మేడమ్. కూతుర్ని ఎవురూ అడగలా. అడగలేదని సంతోషపడాల్నో, ఏడవాల్నో తెలీలా" అంది. తండ్రుల హక్కుల గురించి గొంతు చించుకునేవాళ్ళు ఈ ఆడపిల్లల తండ్రులను ఎందుకు వెతకరో నాకు అర్థం కాదు. శ్రీసిటీలో ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోయే ఇంకొకామె, బిడ్డను అప్పగించే శనివారం వచ్చిన ప్రతిసారీ సూపర్‌వైజరును బతిమాలుకుని షిఫ్టు మార్చుకుంటుంది. కుదరనిరోజు జీతం పోతుంది. ఆమెను కొట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మనిషికే ఆమె బిడ్డను చేతిలో పెట్టాలి, అదీ ఒంటరిగా, బస్టాపులో. 2005 నాటి గృహహింస చట్టం ఇరవై ఒకటో సెక్షనులో, తండ్రి బిడ్డను చూడటం బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేటు ఆ అనుమతి నిరాకరించాలని స్పష్టంగా వుంది. అక్కడ 'వలెను' వుంది! కానీ ఆ కేసు ఒక కోర్టులో, కస్టడీ కేసు ఇంకో కోర్టులో. ఒకచోట ఆమె దెబ్బలు తిన్న భార్య, ఇంకోచోట బిడ్డను తండ్రికి చూపించని మొండి తల్లి.

ఆ మొండితనానికి ఇప్పుడొక శాస్త్రీయ నామధేయం కూడా దొరికింది, 'పేరెంటల్ ఏలియనేషన్'. తల్లి బిడ్డ మనసులో విషం పోస్తోంది అన్న పాత నిందకు ఇంగ్లీషు కోటు తొడిగారు. 2017లో మన సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో దాన్ని ప్రస్తావించింది. 2023లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకురాలు రీమ్ అల్‌సలేమ్, కుటుంబ కేసుల్లో ఈ మాట వాడకాన్నే నిషేధించమని దేశాలకు సూచించింది. 2024 మేలో సుప్రీంకోర్టు తొందరపడి ఎవరి మీదా ఆ ముద్ర వేయొద్దని అంది. మంచిదే. కింది కోర్టు వరండాలో నా మీద ఆ మాట వేసిన లాయరుకు ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

నాతో వాదించే స్నేహితురాళ్ళు వున్నారు. బిడ్డ తల్లిది, ఇంక ఈ లెక్కలెందుకు అంటారు. నాకు ఆ మాట ఇష్టం లేదు. తల్లి కాబట్టి బిడ్డ నాది అని నేను అననుగాక అనను. ఆ మాట ఒప్పుకుంటే తల్లి కాబట్టి చాకిరీ కూడా నాదే అని ఒప్పుకోవాలి. మాతృత్వాన్ని గద్దె మీద కూచోబెట్టిన సమాజం, అదే గద్దెకు గొలుసులు బిగించింది. బిడ్డ నా దగ్గర వుండాలి అన్నది నేను కన్నందుకు కాదు, సాకినందుకు. రేపు సాకిన తండ్రి ఎవరైనా వస్తే, భార్య ఉద్యోగానికి పోతే ఇంట్లో వుండి పిల్లల ముక్కులు తుడిచినవాడు వస్తే, అతని పక్షాన నేనే సాక్ష్యం చెబుతాను. అట్లాంటి వాళ్ళు ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరే.

నా సంగతి కూడా దాచను. అతను రాని శనివారాల్లో మొదటి ఒకటి రెండుసార్లు నాకు సంతోషం వేసింది. చూశావా మీ నాన్న అని నోటిదాకా వచ్చింది, ఒకసారి నోరు దాటింది కూడా. పాప ముఖం చూశాక నాకు బుద్ధి వచ్చింది. పాపకు నాన్న ఇష్టం. అతను వచ్చిన రోజున ఎగిరి బండెక్కుతుంది. అతను దాన్ని నవ్వించినట్టు నేను నవ్వించలేను. నేను హోంవర్కు, నేను కొబ్బరినూనె, నేను తొమ్మిదింటికి పడుకో అనే గొంతు. అతను ఐస్‌క్రీం. రోజులు పంచినవాళ్ళు మాకు ఈ వేషాలు కూడా పంచారు. నాకూ ఒక శనివారం ఐస్‌క్రీం కావాలని వుంది.

విదేశాల్లో వున్న మనవాళ్ళ కథ ఇంకా పెద్దది, దానికి వేరే వ్యాసం కావాలి. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక హైదరాబాదు దంపతుల కేసు మాత్రం చెబుతాను. అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలు. విడాకుల కేసు పెన్సిల్వేనియాలో మొదట వేసింది తల్లే. తర్వాత పిల్లలతో హైదరాబాదు వచ్చి ఇక్కడి కుటుంబ కోర్టుకు వెళ్ళింది. పిల్లలతో వెనక్కి వెళ్ళాలనీ, ఏదైనా అక్కడి కోర్టే తేల్చాలనీ తీర్పు వచ్చింది. చట్టం లెక్కన తప్పు పట్టేదేమీ లేదు కావచ్చు. కానీ ఆ తీర్పు చదువుతుంటే నాకు కష్టం వచ్చినప్పుడు పుట్టింటికి పోవటమే ఎరిగిన మన ఆడపిల్లలందరూ గుర్తొచ్చారు. పుట్టిల్లు ఇప్పుడు పరిధి దాటిన చోటు.

బిడ్డకు ఇద్దరూ కావాలి, అది బిడ్డ హక్కు అని కోర్టులు అంటున్నాయి. సరే, ఒప్పుకుందాం. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పి, దగ్గర లేని తల్లికో తండ్రికో వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడే వీలు వుండాలంది. బిడ్డ హక్కే అయితే, ఆ హక్కు తీర్చటం ఇద్దరి బాధ్యత కావాలి కదా? మరి తండ్రికి రావచ్చును అని రాస్తారేం? రావలెను అని రాయండి. రాకపోతే నాకు పడే శిక్షే అతనికీ పడనివ్వండి. ఆ శనివారం పాపను ఎవరికో వదిలి నేను పనికి పోవాల్సివస్తే ఆ ఖర్చు అతన్ని కట్టమనండి. జ్వరాల్లో సగం, టీకాల్లో సగం, పేరెంట్స్ మీటింగుల్లో సగం, పేలు తీసే ఆదివారాల్లో సగం పంచండి. పంచేముందు, ఇన్నాళ్ళూ ఎవరేం చేశారో లెక్క తీయండి, ఆస్తి పంచేటప్పుడు అడంగల్ చూస్తారే, అట్లా. ఆరో సెక్షనులో తండ్రి పేరు ముందు పెట్టుకుని, ఉత్తర్వు పైన ఉమ్మడి అని శీర్షిక పెట్టొద్దు. ముందు దాన్ని మార్చండి.

మొన్న మా లాయరమ్మ దగ్గరికి పోయి ఒక పిటిషన్ వేయమన్నాను. పాత ఉత్తర్వులో 'తీసుకొనిపోవచ్చును' అన్న ప్రతిచోటా 'తీసుకొనిపోవలెను' అని మార్చమని. ఆమె కళ్ళజోడు తీసి నవ్వింది. "ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో ఇట్లాంటి ప్రేయర్ ఎవరూ అడగలేదమ్మా. ఆ పక్కవాళ్ళు ఒప్పుకోరు" అంది. "ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో కౌంటర్లో రాయాలి కదా మేడమ్, నాకు ఆ కాగితం కావాలి" అన్నాను. కాసేపు ఆలోచించి గుమాస్తాను పిలిచి టైపు చేయించింది. వాయిదా వచ్చే నెల పదహారున పడింది.

సంచీ ఇంకా విప్పలేదు. దగ్గు మందు మాత్రం తీసి అలమరలో పెట్టాను, దాని గడువు అయిపోవస్తోంది.